అపోహలు - వాస్తవాలు: ఓవర్‌క్లాక్ చేస్తే బోర్డు నిజంగా పోయిందా?

రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ బోర్డు పెట్టి, చేతిలో పట్టుకుని పాత వీడియో గేమ్స్ ఆడుకునే రెట్రో కన్సోల్స్ చేస్తుంటా, పాడైనవి బాగు చేస్తుంటా. వచ్చేవాళ్ళలో సగం మంది నోట ఒకటే మాట, "అన్నా ఓవర్‌క్లాక్ చేశా, బోర్డు కాలిపోయింది, కొత్తది ఆర్డర్ పెట్టేస్తున్నా" అని. పెట్టకండి, ముందు ఇది చదవండి. ఓవర్‌క్లాక్ అంటే చిప్‌ని మామూలు కంటే ఎక్కువ స్పీడుతో నడపడం.

అపోహ: ఓవర్‌క్లాక్ చేశాక గేమ్ మధ్యలో ఆగిపోతుంటే బోర్డు పోయినట్టే.

వాస్తవం: నేను చూసిన "చచ్చిపోయిన" బోర్డుల్లో చాలావరకు బతికే ఉన్నాయి, తేడా అంతా పవర్‌లో. పై బోర్డుల్లో చిన్న రకం జీరో 2 డబ్ల్యూ, దాని స్పీడు మామూలుగా 1 గిగాహెర్ట్జ్. స్పీడు పెంచితే కరెంటు వాడకం ఆ మేరకే పెరుగుతుంది, కానీ ఓవర్ వోల్టేజ్ (చిప్‌కి ఇచ్చే వోల్టేజ్ పెంచే సెట్టింగ్) పెంచితే వోల్టేజ్ వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది, ఒక్కో అంకెకి 0.025 వోల్టు, జనం నేరుగా 6 పెట్టేస్తారు. ఇదంతా మోయాల్సింది ఒక్క 18650 సెల్ (రీఛార్జ్ చేసే లిథియం బ్యాటరీ), దాని వోల్టేజ్‌ని 5కి పెంచే ఒక చిన్న బూస్ట్ మాడ్యూల్. సెల్ ఫుల్‌గా ఉంటే 4.2 వోల్టులు, ఆడేకొద్దీ 3.3 దగ్గరికి దిగుతుంది, అప్పుడు బోర్డుకి 5 వాట్లు ఇవ్వాలంటే మాడ్యూల్ సెల్ నుంచి 1.5 ఆంప్స్ పైనే లాగాలి. అందుకే అరగంట బాగా ఆడి తర్వాత ఠక్కున ఆగిపోతుంది, మనమేమో వేడికి పోయింది అనుకుంటాం.

ఇందులోనే ఇంకో గోతి ఉంది. "పవర్ తగ్గిందని చెప్పే మెరుపు గుర్తు స్క్రీన్ మీద రాలేదు, గెట్ థ్రాటిల్డ్ కమాండ్ కొడితే సున్నా వచ్చింది, కాబట్టి పవర్ బాగుంది" అంటారు. పై 3, పై 4 అయితే ఆ మాట సరే, 4.63 వోల్టుల కిందకి పడితే పట్టుకుంటాయి. జీరో రకాల్లో ఆ సర్క్యూటే లేదు! వోల్టేజ్ ఎంత పడినా అది నోరు విప్పదు, నేరుగా హ్యాంగ్ అవుతుంది. మల్టీమీటర్ తీసుకుని గేమ్ నడుస్తుండగా బోర్డు మీద 2వ పిన్‌కీ (5 వోల్టులు) 6వ పిన్‌కీ (గ్రౌండ్) మధ్య కొలవండి. మెనూలో కొలిస్తే లాభం లేదు.

మొన్న ఒక బీటెక్ అబ్బాయి వచ్చాడు, రెండో బోర్డు కూడా పోయిందని. మొదటిది డబ్బాలో పడేసి, దాచుకున్న డబ్బులతో రెండోది కొన్నాడట, ఇంట్లో చెప్పలేదు, మాట్లాడుతుంటేనే కళ్ళలో నీళ్ళు. కొలిచి చూస్తే మెనూలో 5.05, గేమ్ ఎక్కగానే 4.4. బూస్ట్ నుంచి బోర్డుకి ఇయర్‌ఫోన్ వైరంత సన్నటి వైరు వేశాడు, అదీ జానెడు పొడవు. లావు వైరు పొట్టిగా వేసి, కాస్త మంచి మాడ్యూల్ పెట్టి, ఓవర్ వోల్టేజ్ 6 నుంచి 2కి దించి 1.2 గిగాహెర్ట్జ్‌లో వదిలాం. డబ్బాలో పడేసిన ఆ మొదటి బోర్డే సాయంత్రం దాకా పీఎస్ వన్ (మొదటి ప్లేస్టేషన్) కార్ రేసు ఆడించింది.

అపోహ: 65 వాట్ల ఫోన్ ఛార్జర్ పెడితే చాలు. 65 వాట్లు వచ్చేది ఎక్కువ వోల్టేజ్ దగ్గర, పై బోర్డు తీసుకునేది 5 వోల్టులే. ఆ 5 దగ్గర ఎన్ని ఆంప్స్ ఇస్తుందో ఛార్జర్ మీద చదవండి.

అపోహ: వేడికి చిప్ కాలిపోతుంది. 80 డిగ్రీలు దాటాక అదే స్పీడు తగ్గించుకుంటుంది, 85 దాని హద్దు. గాలి ఆడని ప్లాస్టిక్ కేసులో హీట్‌సింక్ ఒక్కటీ పెద్దగా చేసేదేం లేదు, వెనకాల రంధ్రాలు పెట్టండి.

అపోహ: ఎంత పెంచితే అంత మంచిది. జీబీఏకి (గేమ్ బాయ్ అడ్వాన్స్), సూపర్ నింటెండోలో చాలా గేమ్స్‌కి అసలు పెంచక్కర్లేదు, బ్యాటరీ దండగ. ఎన్64 (నింటెండో 64) అయితే జీరో 2లో ఎంత పెంచినా కొన్ని గేమ్స్ నడవవు.

వారంటీ గురించి అడిగేవాళ్ళకి, ఫోర్స్ టర్బో (ఎప్పుడూ ఫుల్ స్పీడులోనే ఉంచే సెట్టింగ్) 1 పెట్టి దాంతోపాటు ఓవర్ వోల్టేజ్ పెంచితే చిప్‌లో చెరగని గుర్తు పడుతుంది, ఆ రెండూ కలిపి వాడకండి.

ఇక స్పీడు పెంచాక అసలు ఆన్ కాకపోతే భయపడకండి. మెమరీ కార్డ్ తీసి కంప్యూటర్‌లో పెట్టండి, బూట్ భాగంలో ఈ సెట్టింగ్‌లు ఉండే కాన్ఫిగ్ ఫైల్ కనిపిస్తుంది, మీరు చేర్చిన లైన్లు తీసేసి సేవ్ చేసి మళ్ళీ పెట్టండి. ఆ కార్డ్ చేతిలో ఉన్నప్పుడే గేమ్ సేవ్‌లు కూడా కాపీ చేసుకోండి, ఆడుతుండగా పవర్ పోతే ముందు పాడయ్యేది కార్డే.