ఎక్కాన్ని వెనక్కి కూడా చదివించండి

ఏడో ఎక్కం గడగడా అప్పజెప్పే పిల్లల్ని "యాభై ఆరులో ఏడులు ఎన్ని?" అని అడిగి చూడండి. చాలామంది ఆగిపోతారు, లేదా ఏడు ఒకట్ల ఏడు అంటూ మొదటి నుంచి ఎత్తుకుంటారు. తప్పు వాళ్లది కాదు, ఎక్కాన్ని మనం ఒకవైపు నుంచే నేర్పాం. ఆపైన భాగహారమంటే ఏదో కొత్త పాఠమన్నట్టు విభాజ్యం, విభాజకం, భాగఫలం, శేషం అని నాలుగు పేర్లు ఒకేసారి మీద పడేస్తే పిల్లలకు టెన్షన్ రాదా?

1 నుంచి 10 వరకు అడ్డంగా, నిలువుగా రాసిన ఎక్కాల పట్టిక చేతికివ్వండి. కోనసీమలో ఉన్నాం కాబట్టి లెక్క కొబ్బరికాయలతోనే చేద్దాం. 56 కాయలు, సంచికి ఏడు. ఏడో వరుసలో 56 దాకా వేలు జరిపి, అక్కడి నుంచి తిన్నగా పైకి వెళ్తే 8 కనిపిస్తుంది, అంటే ఎనిమిది సంచులు. అవే కాయల్ని ఏడు ఇళ్లకు పంచితే ఇంటికి ఎనిమిది. మనకు రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ పిల్లలకు కావు: మొదటిదాంట్లో సంచికి ఎన్నో తెలుసు, ఎన్ని సంచులో తెలియదు, రెండోదాంట్లో ఎన్ని ఇళ్లో తెలుసు, వాటా తెలియదు. అందుకే కాయల్ని అరుగు మీద ఏడు వరుసల్లో, వరుసకు ఎనిమిది చొప్పున పేర్పించి, పక్కకు వచ్చి నిలబడి చూడమనండి. ఎనిమిది వరుసలు, వరుసకు ఏడు! ఇది కళ్లతో చూసినవాళ్లకు పట్టికలోని 100 గడుల్లో విడిగా గుర్తుపెట్టుకోవాల్సినవి 55 మాత్రమేనని కూడా అర్థమవుతుంది.

ఇక శేషం. 60 అరటి గెలలు రావులపాలెం మార్కెట్‌కు చేర్చాలి, సైకిల్‌కు ఏడు కడతారు. ఏడో వరుసలో 60 లేదు, 63 దాటిపోతుంది, కాబట్టి 56 దగ్గర ఆగాలి. భాగఫలం 8, శేషం 4. మరి ఎన్ని ట్రిప్పులు? తొమ్మిది, ఎందుకంటే మిగిలిన నాలుగు గెలలూ వెళ్లాలి కదా. నాకు భాగహారంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే, ఇక్కడ పిల్లలు లెక్క ఆపి ఆలోచిస్తారు.

పెద్ద అంకెలకూ ఇదే పట్టిక చాలు. 364ను ఏడుతో భాగించాలంటే 36 పదుల్లో ఏడు అయిదులు 35 పోగా ఒక పది మిగులుతుంది, దాన్ని 4తో కలిపితే 14, ఏడు రెళ్లు. జవాబు 52.

సున్నాతో ఎందుకు భాగించకూడదని అడిగితే సున్నా ఎక్కం రాయించండి. వరుసంతా సున్నాలే, 56 ఎంత వెతికినా దొరకదు. పోనీ సున్నానే వెతకమంటే ప్రతి గడిలోనూ ఉంది, ఏ గడిని జవాబు అనాలో తేలదు.