తడి పొగాకు, కళ్లు తిరగడం, లాంగ్లీ గీసిన నాడుల పటం

పొదిలి వైపు నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మంచు తడి ఆరకముందే పొగాకు కోతకు దిగిన ఆడవాళ్లకు మధ్యాహ్నం దాటాక వాంతులు, చల్లటి చెమటలు, కళ్లు తిరగడం. ఒకటి రెండు రోజుల్లో అదే తగ్గిపోతుంది. పొగ తాగని మనిషికి పొగాకు ఎలా ఎక్కుతుంది? ఊళ్లో దిష్టి అంటున్నారు."

దిష్టి కాదు, నికోటిన్. పొగాకు మొక్క దాన్ని వేళ్లలో తయారుచేసి ఆకులకు పంపుతుంది. అది నీటిలో బాగా కరుగుతుంది కాబట్టి ఆకు మీది మంచులోకి దిగుతుంది. తడిసిన రవికె, చీర కొంగు ఒంటికి అంటుకుని ఉన్నంతసేపూ చర్మం గుండా రక్తంలోకి చేరుతూనే ఉంటుంది. వైద్యులు దీన్ని పచ్చి పొగాకు జబ్బు అంటారు. 1970లో అమెరికాలోని ఫ్లోరిడా పొగాకు కూలీలలో దీన్ని గుర్తించి వైద్య పత్రికకెక్కించారు. ఒంగోలు, టంగుటూరు, కొండపి చుట్టుపక్కల ఆకు కోసి, కర్రలకు అల్లి, బ్యారన్‌కు, అంటే ఆకు ఆరబెట్టే కొట్టానికి, ఎక్కించే కుటుంబాలకు ఆ లక్షణాలు కొత్తగా చెప్పనక్కరలేదు.

నన్ను ఆపిన సంగతి వేరే ఉంది. ఆ లక్షణాలు ఒకదానికొకటి పొసగవు. ముఖం పాలిపోవడం, చెమటలు పట్టడం ఒక రకం. అవి భయపడినప్పుడు వచ్చేవి. నోట్లో నీళ్లూరడం, కడుపులో మెలిపెట్టడం ఇంకో రకం. అవి దాదాపు దానికి ఎదురు పని. ఒకే పదార్థం రెండు విరుద్ధమైన పనులు ఒకేసారి ఎలా చేయిస్తుంది? దీనికి జవాబు మన నాడీవ్యవస్థ అమరికలోనే ఉంది. చిత్రమేమిటంటే, ఆ అమరికను కనిపెట్టడానికి పనికొచ్చిందీ ఈ నికోటినే.

మెదడు, వెన్నుపాముల గురించి బడి పుస్తకాల్లో ఉన్నది ఇక్కడ మళ్లీ రాయను. ఒక్క తేడా గుర్తుంచుకుంటే చాలు. కాలి కండరాన్ని కదిలించే నాడీతంతువు వెన్నుపాము నుంచి నేరుగా కండరం దాకా, ఎక్కడా ఆగకుండా పోతుంది. గుండె, పేగులు, లాలాజల గ్రంథులు, కంటిపాప వంటి వాటికి వెళ్లే దారి అలా ఉండదు. మధ్యలో నాడీకణాలు గుంపుగా ఉన్న ఒక ముడి ఉంటుంది. దాన్ని గాంగ్లియన్ అంటారు. మొదటి కణం అక్కడితో ఆగి, రెండో కణానికి కబురు అందించాలి.

ఇబ్బంది ఎక్కడంటే, ఒక ముడిలోకి వందల తంతువులు వెళతాయి. కొన్ని అక్కడ ఆగుతాయి, కొన్ని ఆగకుండా దాటిపోతాయి. కోసి చూసినా ఏది ఏదో తెలియదు. గూడూరు జంక్షన్‌ను తలచుకోండి. నెల్లూరు నుంచి వచ్చిన వాళ్లలో కొందరు అక్కడ దిగి రేణిగుంట బండి ఎక్కుతారు, కొందరు కూర్చున్న బండిలోనే చెన్నై పోతారు. బయట నిలబడి చూస్తే ఎవరు మారేవాళ్లో చెప్పలేం. ఒకరోజు బండ్లన్నీ నడుస్తూ, గూడూరులో బండి మారడం మాత్రం కుదరదనుకుందాం. చెన్నైకి జనం వస్తున్నారు, రేణిగుంటకు నెల్లూరు వాళ్లు ఒక్కరూ రావడం లేదు. అంటే రేణిగుంట వాళ్లు మారేది గూడూరులోనే. పట్టాలు తెగాయేమో అన్న అనుమానం ఉంటే, గూడూరులోనే కొందరిని రేణిగుంట బండి ఎక్కించి చూడవచ్చు. వాళ్లు చేరితే పట్టాలు బాగున్నట్టే.

1889లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ, డికిన్సన్ అనే శాస్త్రవేత్తలు సరిగ్గా ఇదే చేశారు. జంతువు మెడలో ఉన్న ముడి మీద పలుచని నికోటిన్ ద్రావణాన్ని కుంచెతో పూశారు. ముడికి కింద నాడిని విద్యుత్తుతో తాకితే అంతకుముందు కంటిపాప విప్పారేది. పూశాక కదలలేదు. ముడి దాటిన తరువాత తాకితే మళ్లీ విప్పారింది. అంటే తంతువులు బాగానే ఉన్నాయి, చేయి మారే చోటు ఒక్కటే మూతపడింది. ఇలా ఒక్కొక్క ముడికే పూస్తూ ఏ తంతువు ఎక్కడ మారుతుందో పటం గీశారు. 1898లో లాంగ్లీ ఈ మొత్తానికి స్వయంచోదిత నాడీవ్యవస్థ అని పేరు పెట్టాడు. దానిలో రెండు భాగాలు: భయపడినప్పటి పనులు చేయించేది సహానుభూత, దాదాపు దానికి ఎదురు పనులు చేయించేది పరసహానుభూత. మన పిల్లలు ఆ రెండు వరుసలు బట్టీపట్టి పరీక్ష రాస్తారు. ఈ కుంచె కథ పది నిమిషాలు చెబితే ఆ వరుసలు వాటంతటవే గుర్తుంటాయని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు పొదిలి ప్రశ్నకు వద్దాం. సహానుభూత ముడుల్లోనూ, పరసహానుభూత ముడుల్లోనూ మొదటి కణం రెండోదానికి కబురు పంపేది ఎసిటైల్ కోలీన్ అనే ఒకే పదార్థంతో. దాన్ని అందుకునే గ్రాహకం అయిదు ప్రొటీన్ ముక్కలు గుండ్రంగా నిలబడి చేసిన సన్నని రంధ్రం. ఎసిటైల్ కోలీన్ తగలగానే తెరుచుకుని సోడియం అయాన్లను లోపలికి వదులుతుంది. ఆ వెంటనే ఎసిటైల్ కోలీనెస్టరేజ్ అనే ఎంజైమ్ ఆ పదార్థాన్ని ముక్కలు చేస్తుంది. నికోటిన్ కూడా ఆ గ్రాహకాన్ని తెరవగలదు, కానీ ఈ ఎంజైమ్‌కు లొంగదు. అందుకే ముందు రెండు వ్యవస్థలూ ఒక్కసారిగా రెచ్చిపోతాయి. చెమటా, లాలాజలమూ కలిసి రావడం అందుకే. మోతాదు పెరిగితే కణం మళ్లీ సిద్ధం కాలేక కబురే ఆగిపోతుంది. లాంగ్లీ ప్రయోగంలో ముడి మూతపడింది ఇలాగే. వాంతి సంగతి మెదడుది. మెదడు అడుగున ఉండే మజ్జాముఖంలో ఏరియా పోస్ట్రెమా అనే చిన్న భాగానికి రక్తం నుంచి మెదడును కాపాడే అడ్డు బలహీనంగా ఉంటుంది. రక్తంలో విషం తిరిగితే ముందు పసిగట్టేది అదే.

పొగాకు నమిలే అలవాటున్న పెద్దావిడకు అదే చేలో ఏమీ కాకపోతే "ఆమెకు దిష్టి తగలదు" అంటారు. రోజూ నికోటిన్ తగిలే గ్రాహకాలు మొద్దుబారతాయి, అంతే. అలాగని నమలడం మొదలుపెట్టడం మహా ప్రమాదం.

ఉప్పు, మిరపకాయలు తిప్పే ఆ అరగంటా తడి బట్ట ఒంటిమీదే ఉండిపోతుంది. నాకు బాధ కలిగించేది అదే. ముందు బట్టలు మార్చాలి, సబ్బుతో ఒళ్లంతా కడగాలి, నీడలో పడుకోబెట్టాలి. మంచు ఆరాక కోత మొదలుపెట్టడం, చేతులకు తొడుగులు, నడుముకు ప్లాస్టిక్ పట్టా ఉంటే అసలు ఇంతదాకా రాదు. పిల్లలను పచ్చి ఆకు పనికి పంపవద్దు. వాళ్ల చిన్న ఒంటికి కొంచెం నికోటిన్ కూడా ఎక్కువే.

వాంతులు ఆగకపోయినా, ఊపిరి అందకపోయినా, ఒళ్లు వణికినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ "తడి పొగాకు కోసింది" అని చెప్పండి. ఆ వారంలో చేలో మందు కొట్టి ఉంటే ఆ డబ్బా కూడా చూపించండి. మోనోక్రోటోఫాస్ వంటి పురుగుమందులు పైన చెప్పిన ఎంజైమ్‌నే పనిచేయకుండా చేస్తాయి. అప్పుడు ఎసిటైల్ కోలీన్ పేరుకుపోయి దాదాపు ఇవే లక్షణాలు వస్తాయి. ఆ విషానికి విరుగుడు వైద్యం వేరు, దానిలో ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది.