మంగు మచ్చలు, మామూలు వెలుగు

రెండో కాన్పు తర్వాత మా అక్క బుగ్గల మీద మంగు వచ్చింది. డాక్టరు చెప్పినట్టే ఎస్పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ మూడేళ్లపాటు మానకుండా రాసింది. చలికాలంలో మచ్చలు కాస్త పలచబడేవి, ఎండలు ముదిరేసరికి మళ్లీ మామూలే. "సరిగ్గా రాయట్లేదేమో" అని ఇంట్లో అందరూ తననే అనేవాళ్లు. నేనూ అన్నాను. తన తప్పేమీ లేదని ఈ విషయం గురించి చదివాకే నాకు తెలిసింది.

ఎండకి చర్మం కమిలి ఎర్రబడటాన్ని క్రీము ఎంతవరకు ఆపుతుందో చెప్పడమే ఎస్పీఎఫ్ అంకె పని. అలా ఎర్రబడటానికి ముఖ్య కారణం అతినీలలోహిత కిరణాల్లో ఒక రకమైన యూవీబీ. ఆ పరీక్షని ఎక్కువగా సులువుగా కమిలిపోయే లేతరంగు చర్మం ఉన్నవాళ్ల మీదే చేస్తారు. పక్కనే ఉండే పీఏ ప్లస్ గుర్తులు వాటిలోనే మరో రకమైన యూవీఏ సంగతి చెబుతాయి. మనం కళ్లతో చూసే మామూలు వెలుగు గురించి మాత్రం రెండూ ఏమీ చెప్పవు. నేలకి చేరే సూర్యశక్తిలో 40 శాతానికి పైగా ఉండేది ఆ వెలుగే.

ఆ వెలుగు చర్మాన్ని నల్లబరుస్తుందా? అమెరికాలో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి పరిశోధకులు 2010లో దీని మీద ఒక అధ్యయనం ప్రచురించారు. చామనచాయ, నలుపు చర్మం ఉన్నవాళ్ల మీద యూవీఏ ఒకచోట, మామూలు వెలుగు మరోచోట పడేలా చేశారు. వెలుగు పడ్డచోట నలుపు మరింత ముదురుగా వచ్చింది, ఎక్కువ రోజులు నిలిచింది. తెల్లచర్మం ఉన్నవాళ్లకి అదే వెలుగుతో ఏమీ కాలేదు. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో జరిగిన ప్రయోగాల్లో ఈ పని చేసేది ఊదా, నీలం రంగుల వెలుగేనని, ఎరుపు కాదని తేలింది.

ఎందుకిలా? 2018లో ఫ్రాన్స్‌లోని నీస్ పరిశోధకులు చెప్పిన జవాబు నన్ను ఆశ్చర్యపరిచింది. మన కంటిలో వెలుగుని పట్టుకునే ఆప్సిన్ అనే ప్రొటీన్లు ఉంటాయి. వాటి బంధువు ఆప్సిన్-3 చర్మంలో రంగు తయారుచేసే కణాల్లోనూ ఉంది. నీలి వెలుగు తగలగానే అది కణంలో కాల్షియం పెరిగేలా చేస్తుంది. దాంతో చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ని తయారుచేసే ఎంజైములు పనిలోకి దిగుతాయి. ముదురు రంగు చర్మంలో ఆ ఎంజైములు ఒకదానికొకటి అతుక్కుని గుంపుకట్టి, వెలుగు పోయాక కూడా చాలాసేపు పనిచేస్తూనే ఉంటాయి. ఒకరకంగా మన చర్మం వెలుగుని చూస్తోందన్నమాట.

ఇక అక్క రాసిన క్రీము. అది రాశాక ముఖం మీద అసలు కనిపించేది కాదు. తను దాన్ని ఎంచుకున్నదే అందుకు. జింక్ ఆక్సైడ్ ఉన్న పాతరకం క్రీములు మన రంగు మీద విభూతి పూసినట్టు తెల్లగా తేలతాయి. అందుకే కంపెనీలు ఆ రేణువుల్ని బాగా సన్నం చేశాయి. కానీ క్రీము కంటికి కనిపించట్లేదంటే వెలుగు దాంట్లోంచి దాటిపోతోందనే అర్థం. అతినీలలోహితాన్ని ఆపుతుంది, నీలి వెలుగుని వదిలేస్తుంది.

దాన్ని ఆపాలంటే క్రీముకి రంగుండాలి. ఆ రంగు ఐరన్ ఆక్సైడ్ నుంచి వస్తుంది. గడపలకి, గోడలకి పూసే జాజు, జేగురుమన్ను ఎర్రగా ఉండేది కూడా దానివల్లే. ఎర్రమన్ను నీలి వెలుగుని మింగేసి ఎరుపుని వెనక్కి పంపుతుంది. మంగు ఉన్న ముఖానికి కావలసింది సరిగ్గా అదే. మెక్సికోలో మంగు ఉన్నవాళ్లకి 8 వారాలు ఒకే మందు ఇచ్చి, కొందరికి మామూలు సన్‌స్క్రీన్, కొందరికి ఐరన్ ఆక్సైడ్ కలిపినది ఇచ్చారు. రెండో గుంపులో మచ్చలు మరింత తగ్గాయి.

కొనేటప్పుడు "టింటెడ్" (రంగు కలిపినది) అనే మాటతో సరిపెట్టుకోకండి. పదార్థాల జాబితాలో ఐరన్ ఆక్సైడ్స్ అని గానీ, సీఐ 77491, 77492, 77499 అని గానీ ఉందో లేదో చూడండి. అవి వరసగా ఎరుపు, పసుపు, నలుపు రంగులు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలంత క్రీము ముఖానికీ మెడకీ కావాలి. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే అద్దం యూవీబీని ఆపుతుంది గానీ వెలుగుని ఆపదు. పల్చటి చున్నీ కూడా అంతే, దాంట్లోంచి అవతలి మనిషి కనిపిస్తుంటే వెలుగూ వస్తున్నట్టే. నల్ల గొడుగు మేలు. ఫోన్ వెలుగు గురించి మాత్రం టెన్షన్ పడక్కర్లేదు, ఎండతో పోలిస్తే అది చాలా తక్కువ.

ఇంకొకటి, గట్టిగానే చెబుతాను. ఇదంతా తెల్లబడటానికి కాదు. ఎవరో చెప్పారని మందుల షాపులో స్టెరాయిడ్ క్రీములు కొని నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడిపోతుంది, మానగానే మచ్చలు ఇంకా ముదురుతాయి. మంగుకి వాడే మందుని డాక్టరే నిర్ణయించాలి.

మన రంగుకి సరిపోయే షేడ్ దొరకడం ఇంకా కష్టంగానే ఉంది. చాలావరకు లేత గోధుమ రంగే ఉంటోంది. అక్క ఇప్పుడు టింటెడ్ సన్‌స్క్రీన్ రాసి, దాని మీద తన రంగుకి కలిసే ఐరన్ ఆక్సైడ్ కాంపాక్ట్ అద్దుకుంటోంది.