బైపీసీ పిల్లలకు చాలనుకున్న పాఠం

డిసెంబరు 1, ప్రపంచ ఎయిడ్స్ దినం దగ్గర పడితే చాలు, గోదావరి డెల్టా కాలేజీల్లో పాత పేచీ మళ్లీ మొదలవుతుంది. ర్యాలీకి ఎవరూ అడ్డు చెప్పరు. పిల్లలు ఎర్ర రిబ్బను పెట్టుకుని బస్టాండు దాకా నడిచి వస్తే అందరికీ సంతోషమే. అదే పిల్లలను తరగతి గదిలో కూర్చోబెట్టి, హెచ్ఐవీ ఎలా సోకుతుంది, ఎలా తప్పించుకోవాలి అని గంటసేపు విడమరచి చెబుతామంటే మాత్రం ప్రిన్సిపాల్‌కు ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి.

1986లో చెన్నైలో తొలి కేసులు బయటపడటం, 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఏర్పాటు, ఆ తర్వాత మన ఊళ్లలో వెలిసిన పులిరాజా ఎయిడ్స్ ప్రచార హోర్డింగులు అందరికీ తెలిసినవే. ఇవాళ్టి గొడవ వేళ్లు అక్కడ లేవు. 2005 నుంచి 2009 వరకు నడిచిన వ్యవహారంలో ఉన్నాయి.

2005లో కేంద్ర మానవ వనరుల శాఖ, నాకో కలిసి బడుల్లో కౌమార విద్యా కార్యక్రమం తెచ్చాయి. అందులోని శరీర చిత్రాలపై 2007లో దుమారం రేగింది. మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు కార్యక్రమాన్ని ఆపేశాయి. మాకు చూపకుండా మా పిల్లలకు చూపుతారా అన్న తల్లిదండ్రుల ప్రశ్నలో న్యాయం ఉంది. దానికి అప్పుడే తిన్నగా జవాబు చెప్పి ఉంటే కథ వేరుగా ఉండేది.

వ్యవహారం రాజ్యసభ పిటిషన్ల కమిటీకి చేరింది. దాని అప్పటి అధ్యక్షుడు మన తెలుగువాడే, ఎం. వెంకయ్యనాయుడు. బడుల్లో లైంగిక విద్య వద్దని కమిటీ 2009లో తేల్చింది. పెళ్లికి ముందు లైంగిక సంబంధం తగదని పిల్లలకు చెప్పాలంది. హెచ్ఐవీ, సుఖవ్యాధుల పాఠాలను ప్లస్ టూ కంటే ముందు పెట్టవద్దని, అక్కడా జీవశాస్త్రం పుస్తకంలోనే ఉంచాలని సూచించింది.

నా దృష్టిలో అసలు మలుపు ఈ చివరి సూచనే. మన దగ్గర ఇంటర్‌లో జీవశాస్త్రం చదివేది బైపీసీ పిల్లలు. ఎంపీసీలో చేరినవాడి సంగతి? సీఈసీ అమ్మాయి సంగతి? పది తప్పి రొయ్యల చెరువు మీద కాపలాకు వెళ్లిన కుర్రాడు, లారీ క్లీనరుగా జాతీయ రహదారి ఎక్కినవాడు, రాజోలు వైపు నుంచి గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లే అమ్మాయి ఏ పుస్తకం తెరవాలి? ఎవరికి ముందుగా తెలియాలో వాళ్లంతా ఆ గీతకు అవతలే ఉండిపోయారు.

సిఫారసు చట్టం కాదు. మన పదో తరగతి జీవశాస్త్రంలో ఈ వ్యాధి ప్రస్తావన ఉంది. అయినా ఆ పేజీ రాగానే "ఇది మీరే చదువుకోండి" అని దాటేసే మాస్టారికి ఆ వాతావరణం పెద్ద అండ అయింది. బోధన పోయి ర్యాలీ మిగిలింది.

పెద్దలు చెప్పే మాట ఒకటే: "మా ఇళ్లలో అలాంటివి లేవండీ, అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం." తెలిస్తే చెడిపోతారన్న భయమూ ఉంది. మరీ పట్టుబడితే పడుపువృత్తికి పేరుపడ్డ పెద్దాపురం పేరెత్తి, ఇది ఆ వృత్తిలోని వాళ్ల జబ్బని తోసేస్తారు.

తరగతులు నడిపే కౌన్సెలర్ల అనుభవం వేరు. మూతకు చీలిక పెట్టిన చెప్పుల డబ్బా ఒకటి బల్ల మీద ఉంచుతారు. పేరు రాయకుండా ప్రశ్న రాసి అందులో వేయమంటారు. దస్తూరీ దొరికిపోతుందని కొందరు ఎడమ చేత్తో రాస్తారు. దోమ కుడితే వస్తుందా, ఒకే కంచంలో తింటే వస్తుందా అని కొన్ని చీటీలు. రెండింటికీ రాదనే జవాబు. తల్లికి ఉంటే బిడ్డకు తప్పదా అని మరొకటి. గర్భిణిగా ఉన్నప్పుడే పరీక్ష చేయించుకుని మందులు సక్రమంగా వాడితే ఆ ముప్పు బాగా తగ్గిపోతుంది. పెళ్లికి ముందు అబ్బాయిని పరీక్ష అడిగితే సంబంధం చెడిపోతుందా అని ఇంకొకటి. చెడిపోయే పిల్లలు వేసే ప్రశ్నలా ఇవి?

ఆ రోజులు పోయాయి, ఇప్పుడెందుకు అనేవారికి ఒక లెక్క. 2021 జాతీయ అంచనాల ప్రకారం 15–49 ఏళ్లవారిలో హెచ్ఐవీ దేశ సగటు 0.21 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. అంటే మూడు రెట్లు. పైగా 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ చట్టం వయసుకు తగిన, ఎవరినీ కించపరచని అవగాహన కార్యక్రమాలు రూపొందించే బాధ్యతను ప్రభుత్వాల మీద పెట్టింది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా లైంగిక విద్యపై ఉన్న అపోహలను తప్పుపట్టింది.

2007 నాటి పొరపాటును కౌన్సెలర్లు గుర్తుపెట్టుకున్నారు. పద్దెనిమిది నిండనివారి హెచ్ఐవీ పరీక్షకు ఎలాగూ పెద్దల అంగీకారం కావాలి కాబట్టి, బొమ్మలూ పాఠమూ ముందురోజు సాయంత్రమే తల్లిదండ్రుల ముందు పరిచి చూపుతామంటున్నారు. అభ్యంతరమున్న బొమ్మ తీసేయడానికీ సిద్ధమే. ఒక్క షరతుకు మాత్రం ఒప్పుకోవడం లేదు: ఆ గంటసేపు ఆడపిల్లలను ఇంటికి పంపేయాలన్నదానికి. మన రాష్ట్రంలో వైరస్ ప్రధానంగా స్త్రీ పురుష సంబంధాల ద్వారానే వ్యాపించింది. భర్త నుంచి సోకి, కడుపుతో ఉన్నప్పుడు చేసే పరీక్షలో తొలిసారి ఆ సంగతి తెలుసుకున్న భార్యలు ఎందరో ఉన్నారు. వాళ్ల చెల్లెళ్లను గది బయట నిలబెట్టి పాఠం ఎవరికి చెప్పాలని కౌన్సెలర్లు అడుగుతున్నారు.