తాళం పడకముందే కదిలే కాలు

కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద రెండు పాదాలూ ఆనించి నిలబడుతుంది. కొందరు తల మీద నీళ్ల చెంబు కూడా పెట్టుకుంటారు. చూసేవాళ్ల టెన్షనంతా ఆ చెంబు మీదే. అసలు అద్భుతం జరుగుతున్నది మాత్రం కాళ్ల దగ్గర అని నా నమ్మకం.

శబ్దం విన్నాక మనిషి స్పందించడానికి సుమారు 150 మిల్లీసెకన్లు పడుతుంది. నట్టువాంగం, అంటే గురువు చేతి తాళాలతో వేసే లయ, విని ఆ తర్వాత కాలు కదిపితే ప్రతి అడుగూ ఆలస్యమే. కానీ గజ్జె సరిగ్గా తాళంతోనే మోగుతుంది. అంటే దెబ్బ ఎప్పుడు పడుతుందో మెదడు ముందే లెక్కగట్టి, కాలికి ఆజ్ఞ పంపేస్తోంది. ఇది నర్తకులకే ఉన్న శక్తి కాదు. లయకు వేలితో తట్టమని ప్రయోగశాలల్లో మామూలు మనుషులను అడిగితే, చాలామంది కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందే తడతారు. ఆ సంగతి వాళ్లకే తెలియదు!

కదలకుండా పడుకుని లయ వింటున్నా సరే, కదలికలను నడిపే మెదడు భాగాలు చురుగ్గా మారతాయని స్కాన్లలో కనిపించింది. వాటిలో బేసల్ గాంగ్లియా ఒకటి. నడక తడబడే పార్కిన్సన్స్ జబ్బులో దెబ్బతినేది ఈ వ్యవస్థే. అయినా నిలకడైన లయ వినిపిస్తే ఆ రోగుల్లో చాలామంది అడుగులు మెరుగుపడతాయి. పుట్టి రెండుమూడు రోజులైన పసికందుల మెదడు కూడా, నిద్రలోనే, లయలో ముఖ్యమైన దెబ్బ తప్పితే పసిగడుతుందని 2009లో హంగేరీ పరిశోధకులు చూపించారు. అదే ఏడాది స్నోబాల్ అనే కాకటూ పక్షి, పాట వేగం మార్చినా దానికి తగ్గట్టు తల ఊపగలదని తేలింది. మనకు దగ్గర చుట్టాలైన కోతులకు మాత్రం ఈ విద్య అంత సులువుగా పట్టుబడదు.

మళ్లీ పళ్లెం దగ్గరకొద్దాం. చెయ్యి చాస్తే శరీరం బరువు అటు ఒరుగుతుంది. అలా ఒరిగాక సర్దుకుందామంటే పళ్లెం జారిపోతుంది. అందుకే చెయ్యి లేవడానికి క్షణకాలం ముందే కాళ్ల కండరాలు బిగుసుకుంటాయి. ఎవరు చెయ్యెత్తినా జరిగేదే ఇది. నర్తకి మాత్రం అరంగుళం అంచు మీద, జతి (లయకు పలికే అక్షరాల వరుస) నడుస్తుండగా చేస్తుంది. లోపలి చెవి, చీలమండ కండరాలు పంపే కబుర్లను చిన్నమెదడు ఎప్పటికప్పుడు సరిచూస్తూ, వచ్చే అడుగుకు అంచనా దిద్దుకుంటుంది.

ఒకే అడుగును ఒకటో కాలం, రెండో కాలం, మూడో కాలంలో, అంటే అంతకంతకూ పెరిగే మూడు వేగాల్లో, గురువులు పదేపదే వేయించేటప్పుడు సాధన అయ్యేది ఈ అంచనాయే. అది కుదురుకోవడానికి నెలలు పడుతుంది. అందుకే మూడో కాలం ఇంకా రాలేదని పిల్లలను అరంగేట్రం తేదీ చూపించి తొందరపెట్టడం నాకు నచ్చదు.