తప్పు కెటిల్‌ది కాదు: కారవాన్ కరెంటు మీద అపోహలు - వాస్తవాలు

కారవాన్లలో, అంటే లోపలే వండుకుని పడుకునే బండ్లలో, బ్యాటరీలు, సోలార్ ప్యానెళ్లు బిగించి వైరింగ్ చేయడం నా పని. "రెండో రోజు పొద్దునకే బ్యాటరీ పడిపోతోంది, ఇంకో ప్యానెల్ వేయండి" అంటూ వచ్చేవాళ్లే ఎక్కువ. ప్యానెల్ సంగతి ఎత్తకముందే వాళ్ల చేతికి ఓ కాగితం ఇస్తాను. ఏ వస్తువు ఎన్ని వాట్లు, రోజులో ఎన్ని గంటలు నడుస్తుంది, ఈ రెండే రాయమంటాను. రెండూ గుణిస్తే వాట్ అవర్లు. ఆ కాగితం నిండేసరికి, చాలాసార్లు, కొత్త ప్యానెల్ అక్కర్లేదని వాళ్లకే తెలిసిపోతుంది.

అపోహ: ఎక్కువ వాట్ల వస్తువే బ్యాటరీని తినేస్తుంది.

వాస్తవం: తినేది వాట్లు కాదు, వాట్లూ గంటలూ కలిసి. లీటరు నీళ్లను 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి కావలసింది సుమారు 93 వాట్ అవర్లు. కెటిల్ నుంచి బయటికి పోయే వేడి, ఇన్వర్టర్‌లో పోయేది కలిపినా 120 దగ్గర ఆగుతుంది. 2000 వాట్ల కెటిల్ నడిచేది మూడు నాలుగు నిమిషాలే కదా.

ఇప్పుడు ఇన్వర్టర్ సంగతి చూడండి. దానికి ఏ వస్తువూ తగిలించకపోయినా, ఊరికే ఆన్‌లో ఉంచితే చాలు, పెద్ద ఇన్వర్టర్ 20 వాట్ల దాకా తాగుతూనే ఉంటుంది. రోజంతా అంటే 480 వాట్ అవర్లు. నాలుగు లీటర్ల నీళ్లు మరిగించినంత! చప్పుడు లేదు, వేడి పెద్దగా తెలియదు, చాపకింద నీరులా పోతుంది. బ్యాటరీ మిగలాలని టీ మానుకున్న ఒకాయన, ఫోన్ చార్జింగ్ కోసం రాత్రంతా ఇన్వర్టర్ వేసి ఉంచేవారు. ఫోన్ నిండడానికి 20 వాట్ అవర్లు చాలు. మంచం పక్కన 12 వోల్టుల యూఎస్‌బీ సాకెట్ ఒకటి, ఇన్వర్టర్ ఆపే రిమోట్ స్విచ్ ఒకటి పెట్టాం. ఆయన టీ ఆయనకు దక్కింది.

ల్యాప్‌టాప్‌కీ ఇదే మాట. బ్యాటరీ డీసీని ఇన్వర్టర్‌లో ఏసీ చేసి, ఆ ఏసీని అడాప్టర్‌లో మళ్లీ డీసీ చేసి ఎక్కించడంలో రెండు చోట్లా నష్టమే. 12 వోల్టుల నుంచి నేరుగా నడిచే యూఎస్‌బీ-సీ చార్జర్ వాడండి. టీవీ కొత్తగా కొనేటట్లయితే 12 వోల్టులదే కొనండి.

అపోహ: 100 యాంప్ అవర్ బ్యాటరీ అంటే వందా వాడుకోవచ్చు.

వాస్తవం: లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే సగమే మీది. 12 వోల్టులను 100 యాంప్ అవర్లతో గుణిస్తే 1200 వాట్ అవర్లు. అందులో 600 దాటి తరచూ తోడితే దాని ఆయుష్షు గబగబా తరిగిపోతుంది. పైగా ఆ 100 అన్న అంకె మామూలుగా 20 గంటల లెక్క మీద వేసింది, అంటే 20 గంటల పాటు 5 యాంపుల చొప్పున తీస్తే. ఒక్కసారిగా 80, 100 యాంపులు లాగారా, అంత రాదు. సగం చార్జితో రోజుల తరబడి వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, మళ్లీ కోలుకోదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో 80, 90 శాతం నిశ్చింతగా వాడుకోవచ్చు. అయితే ఒక్క విషయం గట్టిగా చెప్తున్నాను: సెల్ ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కంటే తగ్గినప్పుడు దాన్ని చార్జ్ చేయకూడదు. లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ శాశ్వతంగా పాడవుతుంది. చలిలో చార్జింగ్‌ను ఆపేసే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) ఉందో లేదో కొనేముందే అడగండి.

అపోహ: వోల్ట్ మీటర్ చూస్తే ఎంత మిగిలిందో తెలుస్తుంది.

వాస్తవం: లిథియంలో తెలియదు. పావు ఉన్నా ముప్పావు ఉన్నా తేడా వోల్టులో రెండు మూడు పదోవంతులే. వచ్చేదీ పోయేదీ లెక్కబెట్టే షంట్ మీటర్ పెట్టుకోండి.

అపోహ: 400 వాట్ల ప్యానెల్ 400 వాట్లు ఇస్తుంది.

వాస్తవం: ఆ అంకె ప్రయోగశాలలోది. చదరపు మీటరుకి 1000 వాట్ల వెలుగు, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. మండుటెండలో బండి టాప్ మీద సెల్ 60 డిగ్రీలు దాటుతుంది, డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం చొప్పున రాబడి తగ్గుతుంది. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ అన్నది సగమే నిజం. వెలుగు కావాలి, వేడి వద్దు. అందుకే ప్యానెల్ కింద గాలి ఆడేలా రెండు మూడు అంగుళాల సందు వదులుతాను. షీటుకి అతికించే పల్చటి ప్యానెళ్లకి ఆ సందు ఉండదు.

నీడ మరీ అన్యాయం చేస్తుంది. ప్యానెల్‌లో సెల్స్ గొలుసులా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. యాంటెన్నా నీడ రెండు సెల్స్ మీద పడితే ఆ వరసంతా కూలబడుతుంది. నీడ పడ్డ వరసను తప్పించి కరెంటును పక్కదారిన పంపే బైపాస్ డయోడ్లు ఉన్నా ప్యానెల్‌లో మూడో వంతు ఎగిరిపోవచ్చు. చెట్టు కింద చల్లగా ఉందని బండి ఆపేవాళ్లు, పొడవాటి తీగతో కింద ఎండలో ఆనించే ఒక విడి ప్యానెల్ కూడా ఉంచుకోవడం మేలు.

నేను వేసే లెక్క ఇది: వాట్లు, ఆ కాలంలో దొరికే పూర్తి ఎండ గంటలు (రోజంతా పడే వెలుగును ఆ 1000 వాట్ల వెలుగు లెక్కకి మారిస్తే వచ్చే గంటలు), 0.7 గుణించండి. 5 గంటల ఎండకు 400 వాట్ల ప్యానెల్ ఇచ్చేది 1400 వాట్ అవర్లు. చలికాలంలో ఒకటిన్నర గంటే దొరికే చోట అదే ప్యానెల్ 420 ఇస్తుంది.

అపోహ: చార్జ్ కంట్రోలర్ ఏదైనా ఒకటే.

వాస్తవం: ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఉండి చార్జింగ్‌ను అదుపు చేసేది ఇది. ఇందులో పీడబ్ల్యూఎం రకం ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజీకి దించేస్తుంది. 32 వోల్టుల ఇంటి ప్యానెల్‌ను దానికి తగిలిస్తే 300 వాట్లలో 120కి అటూఇటుగా వస్తాయి. ప్యానెల్ అదనపు వోల్టేజీని వృథా చేయకుండా కరెంటుగా మార్చి ఇచ్చే ఎంపీపీటీ రకం కొనండి. చలిలో ప్యానెల్ వోల్టేజీ పెరుగుతుంది కాబట్టి కంట్రోలర్ గరిష్ఠ పరిమితికి కాస్త ఎడం ఉంచండి.

అపోహ: ఫ్యూజు ఇన్వర్టర్‌ను కాపాడటానికి.

వాస్తవం: ఫ్యూజు వైరును కాపాడటానికి, వైరు తగలబడి మనుషులకు ముప్పు రాకుండా చూడటానికి. మొదట చెప్పిన కెటిల్ 12 వోల్టుల దగ్గర 167 యాంపులు, ఇన్వర్టర్ నష్టంతో 185 దాకా లాగుతుంది. వాట్ అవర్లలో అది చిన్న ఖర్చే, వైరు మీద మాత్రం పెద్ద బరువు. లావు వైరు, పొట్టి దూరం, గట్టిగా ప్రెస్ చేసిన లగ్గులు (వైరు చివర బిగించే లోహపు కొనలు), మూడూ తప్పనిసరి.

నేను చూసిన ఒక బండిలో ఫ్యూజు ఉంది, కానీ ఇన్వర్టర్ చివర. బ్యాటరీ నుంచి అక్కడికి వెళ్లే వైరు ఇనుప ఫ్రేము అంచుకి ఆని ఉంది. దారి కుదుపులకి నెలల తరబడి రాసుకుని రాసుకుని తొడుగు అరిగి, లోపలి రాగి ఫ్రేముకి తగిలింది. షార్ట్ అయింది ఫ్యూజుకి ముందు భాగంలో, ఇక ఫ్యూజు ఏం చేయగలదు? మంచం కింది చెక్క బొగ్గయింది. ఆ సమయంలో మంచం మీద ఎవరూ లేరు. ఆ మాడిన చెక్క ముక్క ఇప్పటికీ నా పనిబల్ల మీద ఉంది. వచ్చినవాళ్లకి చూపిస్తాను.

కాబట్టి ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. వైరు లోహాన్ని దాటే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) ఉండాలి. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల యాంపులు వదులుతుంది. మామూలు ఫ్యూజు తెగినా లోపల నిప్పురవ్వ ఆగకపోవచ్చు, అందుకే అక్కడ అంత కరెంటునూ తెంచగల క్లాస్ టీ ఫ్యూజు వాడతాను.

అపోహ: బండి నడిస్తే ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) అంతా నింపేస్తుంది.

వాస్తవం: ఇప్పటి చాలా బండ్లలో ఆల్టర్నేటర్ ఇంధనం ఆదా కోసం వోల్టేజీ తగ్గించేస్తుంది, వెనక బ్యాటరీ నిండదు. దీనికి ఎదురుగా, లిథియంను నేరుగా కలిపితే అది ఎంతిస్తే అంత లాగి, ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్‌ను కాల్చేయగలదు. మధ్యలో వోల్టేజీని సరిచేసి, లాగే కరెంటుకి హద్దు పెట్టే డీసీ టు డీసీ చార్జర్ ఉండాలి. 30 యాంపులది రెండు గంటల ప్రయాణంలో దాదాపు 800 వాట్ అవర్లు ఇస్తుంది. మబ్బు పట్టిన వారంలో ప్రాణం నిలిపేది ఇదే.

అపోహ: ఫ్రిజ్ మీద 12 వోల్టులని రాసి ఉంటే బ్యాటరీ మీద నడపొచ్చు.

వాస్తవం: ముందు అది ఏ రకమో చూడండి. కంప్రెసర్ ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ రోజుకి 400, 500 వాట్ అవర్లతో సరిపెట్టుకుంటుంది. గ్యాస్ మీదా కరెంటు మీదా నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్‌లో ఉండేది హీటర్. 120 వాట్లది ఆగకుండా వెలిగితే రోజుకి 2880. పైన చెప్పిన 400 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో ఇచ్చేదానికి రెట్టింపు ఇది. అందులో ఆ 12 వోల్టుల మోడ్ ఇంజిన్ నడిచేటప్పటికే. బండి ఆగగానే గ్యాస్‌కి మార్చండి. మరిచిపోయే అలవాటుంటే, ఇంజిన్ ఆగగానే ఫ్రిజ్ లైను దానంతటదే తెగిపోయేలా ఒక రిలే పెట్టించుకోండి.