మూడు కప్పులు, ఒక తీర్పు: న్యూకాజిల్ యునైటెడ్ మీద ఈస్ట్‌హామ్ ఎందుకు కోర్టుకెక్కాడు

1951లో బ్లాక్‌పూల్ మీద 2-0, 1952లో ఆర్సెనల్ మీద 1-0, 1955లో మాంచెస్టర్ సిటీ మీద 3-1. ఐదేళ్లలో మూడు ఎఫ్‌ఏ కప్పులు (ఇంగ్లండ్‌లో పేరున్న నాకౌట్ టోర్నీ) గెలిచిన ఫుట్‌బాల్ క్లబ్బు న్యూకాజిల్ యునైటెడ్ 1963లో తన మాజీ ఆటగాడు జార్జ్ ఈస్ట్‌హామ్ వేసిన కేసులో కోర్టు బోనెక్కింది. క్లబ్బు అభిమానులకు ఆ కప్పులు కంఠతా వచ్చు, కేసు సంగతి మాత్రం చాలామంది పక్కన పెట్టేస్తారు. కానీ కప్పులు తెచ్చిన ఆటగాళ్లను కట్టిపడేసిన నిబంధన, కేసుకు కారణమైన నిబంధన ఒకటే.

దాని పేరు రిటైన్ అండ్ ట్రాన్స్‌ఫర్, అంటే ఉంచుకోవడం, అమ్మడం. అప్పట్లో కాంట్రాక్టు ఏడాదికే, జూన్ 30తో ముగుస్తుంది. సీజన్ చివర్లో క్లబ్బు రెండు జాబితాలు వేస్తుంది. ఒకటి తన దగ్గరే ఉంచుకునేవాళ్లది, రెండోది అమ్మేవాళ్లది. మొదటి జాబితాలో పేరున్నవాడు కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టకపోతే జూలై 1 నుంచి జీతం ఆగిపోతుంది. అయినా లీగ్‌లో మరో క్లబ్బుకు వెళ్లడానికి వీల్లేదు, ఎందుకంటే అతని రిజిస్ట్రేషన్ (లీగ్‌లో ఆడేందుకు కావలసిన నమోదు) పాత క్లబ్బు చేతిలోనే ఉంటుంది. కాంట్రాక్టు తీరిపోయినా మనిషికి విడుదల లేదు. అసలు అన్యాయం ఇక్కడే ఉంది.

దీనికి తోడు గరిష్ఠ వేతనం. వారానికి 1947లో 12 పౌండ్లు, 1951లో 14, 1953లో 15, 1957లో 17, 1958లో 20. అది దాటి ఇవ్వడానికి ఏ క్లబ్బుకీ అనుమతి లేదు. 1947-48లో సెకండ్ డివిజన్‌లో (లీగ్ రెండో అంచెలో) ఆడుతూనే న్యూకాజిల్ సొంత మైదానంలో మ్యాచ్‌కు సగటున 56 వేల పైచిలుకు జనాన్ని రప్పించింది. గేటు డబ్బు పెరిగినా జీతం పెరగదు.

ఆటగాడి ధర మాత్రం పెరుగుతుంది. లెన్ షాకిల్టన్‌ను 1946 అక్టోబరులో 13,000 పౌండ్లకు కొన్నారు. తొలి మ్యాచ్‌లోనే న్యూపోర్ట్ కౌంటీ మీద 13-0 విజయంలో ఆరు గోల్స్ కొట్టాడు. 1948 ఫిబ్రవరిలో అతన్ని సండర్‌లాండ్‌కు 20,050 పౌండ్లకు అమ్మారు, అప్పటికది బ్రిటిష్ రికార్డు. ఆ రోజుల్లో కొత్త క్లబ్బులో చేరినందుకు ఆటగాడికి దక్కే ఫీజు 10 పౌండ్లు.

1951 ఫైనల్లో రెండు గోల్స్, 1955 ఫైనల్లో 45వ సెకనులోనే తలతో గోల్ కొట్టిన జాకీ మిల్‌బర్న్‌కూ ఇదే జీతపు హద్దు. 1951-52లో లీగ్‌లో 33 గోల్స్ కొట్టి, కప్ ఫైనల్లో ఏకైక గోల్ సాధించిన చిలీ ఫార్వర్డ్ జార్జ్ రొబ్లెడో 1953లో తమ్ముడు టెడ్‌తో కలిసి చిలీ క్లబ్బు కోలో-కోలోకు వెళ్లిపోయాడు. అంతకు ముందు 1950లో ఫిఫా గుర్తింపు లేని కొలంబియా లీగ్‌కు ఎగిరిపోయినవాళ్లలో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు చార్లీ మిట్టెన్ ఒకడు. తిరిగొచ్చాక జరిమానా, ఆరు నెలల సస్పెన్షన్ పడ్డాయి. 1958లో అదే మిట్టెన్ న్యూకాజిల్ మేనేజరయ్యాడు. జార్జ్ ఈస్ట్‌హామ్ తిరగబడింది ఆయన హయాంలోనే.

ఈస్ట్‌హామ్ 1956లో ఉత్తర ఐర్లండ్‌లోని ఆర్డ్స్ క్లబ్బు నుంచి వచ్చిన ఇన్‌సైడ్ ఫార్వర్డ్ (సెంటర్ ఫార్వర్డ్ పక్కన ఆడే దాడి ఆటగాడు). క్లబ్బు ఇచ్చిన ఇల్లు, చూపించిన పక్క ఉద్యోగం, ఇంగ్లండ్ అండర్-23 పర్యటనకు అడ్డుపడటం... ఇలా గొడవలు పేరుకున్నాయి. 1960లో అతను సంతకం పెట్టనన్నాడు. క్లబ్బు వదల్లేదు. నెలల తరబడి ఫుట్‌బాల్ మానేసి ఇంగ్లండ్ దక్షిణాన ఒక కార్క్ (బెండు) వ్యాపారంలో పనిచేశాడు. చివరికి ఆ అక్టోబరులో న్యూకాజిల్ 47,500 పౌండ్లకు అతన్ని ఆర్సెనల్‌కు అమ్మింది.

1961 జనవరిలో జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ల సంఘం సమ్మెకు సిద్ధపడేసరికి లీగ్ గరిష్ఠ వేతనాన్ని ఎత్తేసింది. ఆ సీజన్‌లోనే న్యూకాజిల్ 86 గోల్స్ కొట్టీ 109 ఇచ్చుకుని సెకండ్ డివిజన్‌కు దిగజారింది.

వేతన పరిమితి పోయినా జాబితా మిగిలింది. అందుకే క్లబ్బు మారిన తర్వాత కూడా ఈస్ట్‌హామ్, సంఘం డబ్బుతో, కేసు నడిపాడు. 1963 జూలైలో జస్టిస్ విల్బర్‌ఫోర్స్ రిటైన్ పద్ధతి వృత్తి స్వేచ్ఛకు అసమంజసమైన ఆటంకమని తేల్చాడు. ఆడని కాలానికి జీతం మాత్రం ఈస్ట్‌హామ్‌కు రాలేదు. తర్వాత వచ్చిన నిబంధనల్లో, ఆటగాణ్ని ఉంచుకోవాలంటే క్లబ్బు పాత షరతులకు తగ్గకుండా కొత్త కాంట్రాక్టు ఇవ్వాలి, లేదంటే ఉచితంగా వదిలేయాలి. తగాదా వస్తే స్వతంత్ర ట్రిబ్యునల్ ఉంటుంది. కాంట్రాక్టు తీరినవాడికి కూడా ఫీజు అడిగే హక్కు ఇంకా క్లబ్బుకే మిగిలింది. దాన్ని కొట్టేయడానికి 1995లో యూరప్ న్యాయస్థానం ఇచ్చిన బోస్మన్ తీర్పు రావలసి వచ్చింది.